గెలిచిన వాళ్ళ కాటా

పద్నాలుగేళ్ళుగా నేను లారీలు తూస్తున్నాను. గాజువాక నుంచి ఆటోనగర్‌లోకి తిరిగే రోడ్డు మీద మా ఓనరుకు ఒక కాటా ఉంది. కాటా అంటే నేలలోకి దించిన పొడవాటి ఇనుప పలక. లారీ దాని మీదికి ఎక్కి ఆగుతుంది. పక్క గదిలో నా ముందున్న పెట్టె మీద ఎర్ర అంకెలు కాసేపు ఊగి, ఒక చోట నిలబడతాయి. ఖాళీ లారీ ఒకసారి, లోడుతో ఒకసారి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే సరుకు బరువు. చీటీ కొట్టి డ్రైవరు చేతికిస్తాను. నా ఉద్యోగం అంతే.

నేను పదో తరగతి తప్పాను. తప్పింది లెక్కల్లోనే. ఆ తర్వాత పరీక్ష భయం లేకపోయేసరికి లెక్కలు నాకు ఇష్టమయ్యాయి. సగటు అంటే ఏమిటో క్రికెట్ వార్తలు చదివి తెలుసుకున్నాను. శాతాలు ఒక బ్యాంకు గోడ మీది బోర్డు చూసి నేర్చుకున్నాను. నాకు నేర్పినవాళ్ళు లేరు కాబట్టి, నేర్చుకున్నదాంట్లో ఏ మూల తప్పుందో చెప్పేవాళ్ళూ లేరు. ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నాను కానీ ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు.

కాటాలో చేరిన మొదటి వారం నుంచే రోజుకు ఎన్ని లారీలు ఎక్కాయో నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఎవరూ రాయమనలేదు. మధ్యాహ్నం పూట ఎండకు లారీలు తగ్గినప్పుడు ఆ రోజులను నెలలుగా, నెలలను ఏడాదిగా కూడేవాణ్ణి. పెద్ద తుఫాను ఏ పేజీలో ఉందో, లాక్‌డౌన్ ఏ పేజీలో ఉందో పుస్తకం విప్పిన వెంటనే వేలు పెట్టి చూపించగలను. అక్కడ అంకెలు పడిపోయి ఉంటాయి. ఇది ఒక రకమైన గర్వంగా మారింది. ఊరికి పని ఉందా లేదా అన్నది పేపర్లు చదివేవాళ్ళ కన్నా నాకే ముందు తెలుస్తుందని నమ్మేవాణ్ణి. ఇనుము కదలకుండా ఈ ఊళ్ళో ఏ పనీ జరగదు, ఇనుము కదిలితే కాటా ఎక్కకుండా పోదు. నా ఆలోచన అది.

మా చుట్టుపక్కల జనం ఓటు ఎటు మొగ్గుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. మా ఓనరుదీ అదే పార్టీ. పార్టీల పేర్లు నేను రాయను, ఈ లెక్కకు పేర్లతో పని లేదు. నేను చేరాక మూడుసార్లు ప్రభుత్వాన్ని ఎన్నుకున్నాం. మొదటిసారి మేం వేసిన పార్టీయే రాష్ట్రంలో వచ్చింది. రెండోసారి మేం మా వైపే వేశాం, రాష్ట్రం అటు వెళ్ళింది. మూడోసారి మళ్ళీ రెండూ ఒకటయ్యాయి. నా పుస్తకంలో చూస్తే మొదటిసారి లారీలు పెరిగాయి. రెండోసారి తగ్గాయి, బాగా తగ్గాయి. మూడోసారి ఫలితాలు వచ్చిన పది రోజులకే రోజుకు యాభైల్లో ఉన్న అంకె డెబ్బై దాటింది.

మూడుకు మూడూ ఒకే మాట చెప్తుంటే ఏ మనిషైనా ఆ మాట నమ్మేస్తాడు. నేనూ నమ్మాను. ఆ నెలలోనే ఒక ఆదివారం మా అప్ప, అంటే మా అక్క, ఇంట్లో భోజనానికి కూర్చుని ఆ సంగతి చెప్పాను.

అప్ప వాళ్ళది ఆనందపురం దగ్గర ఊరు. ఆమె పెళ్ళప్పుడు మా నాన్న ఆమె పేరున రాసిచ్చిన యాభై సెంట్లలో చామంతి, వంగ వేస్తుంది. తెల్లారకముందే కోసి ఆనందపురం మార్కెట్‌కు తీసుకెళ్తుంది. బావ ఆటోనగర్‌లో టర్నరు. లేత్ మిషను మీద ఇనుప కడ్డీలు చెక్కి, కావలసిన కొలతకు తేవడం అతని పని. పాతికేళ్ళుగా ఒకరి షెడ్డులోనే చేస్తున్నాడు, రోజూ బైకు మీద వచ్చి వెళ్తాడు. చేతిలో పని ఉన్న మనిషి. సొంత షెడ్డు పెట్టాలని అతనికి ఎప్పటి నుంచో ఉంది, కానీ ఆ మాట ఎప్పుడూ నవ్వుతూ అనేవాడు.

ఆ రోజు నవ్వలేదు. నేను చెప్పింది విని ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"అంటే మనోళ్ళు వొచ్చీసినారు గనక ఇక పని పెరుగుతాదంటావు."

"పెరుగుతాదనడం లేదు బావా. పెరిగినాది అంటన్నాను. మూడు ఎలచ్చన్లూ సూసినాను."

"మూడింటికి మూడూనా?"

"మూడింటికి మూడూ."

అప్ప కూర గిన్నె పట్టుకుని నిలబడింది. "మీ ఓట్ల గొడవ సల్లగుండ. ఒరే తమ్మీ, కూర ఏసుకో. అంకెలు తింటే కడుపు నిండుతాదేటి?"

"నువ్వుండవే," అన్నాడు బావ. "ఆడు గాల్లో మాట్లాడే రకం కాదు. రాసుకున్నాడు."

రాసుకున్నాడు అన్న ఆ ఒక్క మాటకు నేను ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రెండు వారాల తర్వాత ఆటోనగర్‌లో టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకాయన అంటున్నాడు, "కాటాలో ఒకాయన ముప్పై ఏళ్ళ లెక్క తీసినాడంట. మన పార్టీ ఉంటే పని రెట్టింపంట." ముప్పై ఏళ్ళు కాదు, పద్నాలుగు. రెట్టింపు కాదు, యాభైల నుంచి డెబ్బై పైకి. ఆ రెండూ సరిదిద్దుదామని లేవబోయి కూర్చుండిపోయాను. ఆ మాటలు ఎక్కడి నుంచి బయలుదేరాయో నాకు తెలుసు. బావ ఎవరికో చెప్పి ఉంటాడు, వాళ్ళు మరొకరికి. నా అంకె నాకు తెలియకుండా రోడ్డు మీద తిరుగుతూ బరువు పెరుగుతోంది. టీ సగంలోనే వదిలేసి వచ్చేశాను.

ఆ సాయంత్రమే బావ కాటా గదికి వచ్చాడు. పక్క వీధిలో ఒకాయన వయసు మీరి షెడ్డు వదిలేస్తున్నాడట. రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషను, కరెంటు లైను అన్నీ ఉన్నాయట. కావాలంటే వెంటనే తీసుకోమని, ఎక్కువ రోజులు ఆగలేనని అన్నాడట. అప్ప యాభై సెంట్లను హైవే పక్కన ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళు ఎవరో ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఆ నేల అమ్మి షెడ్డు తీసుకుందామని బావ వాళ్ళకు కబురు చేసేశాడు. ఆ వచ్చే శుక్రవారం సర్వేయరు వచ్చి నేల కొలుస్తాడు.

"అప్ప ఏటంది?" అని అడిగాను.

"ఏటంటాది? నీ తమ్ముడే లెక్క కట్టినాడు కదా అన్నాను. ఊరుకున్నాది."

ఆమె ఊరుకోవడం నాకు తెలుసు. చిన్నప్పుడు కూడా ఇష్టం లేనిదానికి ఊరుకునేది. ఆ రాత్రి మూడు ఎలక్షన్ల పేజీలూ విప్పి మళ్ళీ కూడి చూశాను. నా పుస్తకం మీద నాకు అనుమానం ఏమీ లేదు అప్పటికి. అయినా ఒక మనిషి ఒక అంకె మీద ఇల్లు కట్టబోతుంటే ఆ అంకె రాసినవాడికి భయం వేయడం సహజమే అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఒక లారీ ఎక్కింది. పోర్టు నుంచి ఇనుప ప్లేట్లు తెచ్చే లారీ. డ్రైవరు వన్ టౌన్ మనిషి, నాకు పాత పరిచయం. అయిదేళ్ళుగా కనబడలేదు. కిటికీ దగ్గరికి వచ్చి పళ్ళు బయటపెట్టాడు.

"ఏటి గురూ, బతికే ఉన్నావా?"

"నానున్నాను. నువ్వే పోయినావనుకున్నాను. లారీ మానేసినావేటి ఇన్నాళ్ళూ?"

"మానీడమేటి? రోజూ తిరగతానే ఉన్నాను. కింద రోడ్డులో అవతలి పార్టీ ఆయన కాటా లేదా, అక్కడ తూయించీవోణ్ణి."

"మరిప్పుడు ఇటొచ్చినావు?"

వాడు నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "మీ ఓనరు పార్టీ వొచ్చీసినాది కదేటి. గెలిసినోళ్ళ కాటా చీటీ చేతిలో ఉంటే దారిలో చెకింగోళ్ళెవరూ ఆపరని మా ఓనరు నమ్మకం. అప్పుడు ఓడిపోయినారని అటెల్లిపోయినాం, ఇప్పుడు గెలిసినారని ఇటొచ్చినాం."

"నిజంగా ఆపరేటి?"

"నానేటి సెప్పనూ. ఆ చీటీ ఉన్నప్పుడూ ఆపినారు, లేనప్పుడూ ఆపినారు. ఓనరు నమ్మినాడు, నాను స్టీరింగు తిప్పినాను. బేగి కొట్టు బాబూ చీటీ, ఆకలేస్తంది."

చీటీ కొట్టాను. వాడు వెళ్ళిపోయాడు. వెనక ఇంకో లారీ హారన్ కొడుతుంటే నేను పుస్తకంలో పాత పేజీలు తిప్పుతున్నాను.

పది రోజులు. ఫలితాలు వచ్చిన పది రోజులకే మా లారీలు పెరిగాయి. పది రోజుల్లో ఏ ప్రభుత్వం ఏ ఫ్యాక్టరీ తెచ్చింది? ఏ టెండరు తెరిచింది? ఆ రోజుకు కొత్త మంత్రులు గదుల్లో కుర్చీలు కూడా సర్దుకుని ఉండరు. పద్నాలుగేళ్ళు అంకెలు రాసినవాడికి ఈ ఒక్క ప్రశ్న ఎందుకు తట్టలేదు? పెరిగింది ఊళ్ళో పని కాదేమో, మా కాటా మీదికి ఎక్కే లారీలు మాత్రమేనేమో. నేను కొలిచింది పనిని కాదేమో, మా ఓనరు పార్టీ గెలుపును మాత్రమేనేమో.

అలా అనుకోవడం ఒక సంగతి, తేల్చుకోవడం ఇంకో సంగతి. తేల్చుకోవాలంటే కింద రోడ్డులోని కాటాకు ఎన్ని లారీలు వెళ్ళాయో తెలియాలి. వెళ్ళి అడిగితే చెప్పరు. అక్కడి గుమస్తాకూ నాకూ మాటల్లేవు, ఓనర్ల పార్టీలు వేరు కాబట్టి మేమిద్దరం కూడా మొహాలు తిప్పుకుంటాం. సాయంత్రం దాకా ఆలోచించాక ఒకటి తోచింది. ప్రతి కాటా చీటీ మీదా తేదీ, వరస నంబరు ఉంటాయి. ఒక తేదీ చీటీ, ఇంకో తేదీ చీటీ దొరికితే చాలు, నంబర్ల తేడా చూస్తే ఆ మధ్యలో ఎన్ని చీటీలు కొట్టారో తెలిసిపోతుంది.

చీటీలు షెడ్డుల్లో ఉంటాయి. సరుకు దించుకున్నప్పుడు డ్రైవరు ఇచ్చిన చీటీని ఇనుప తీగకు గుచ్చి వేలాడదీయడం ఆటోనగర్‌లో అందరికీ అలవాటు. ఏడాది నిండితే ఆ తీగను మేకుకు తగిలించి కొత్త తీగ వంచుతారు. నాకు చనువున్న షెడ్డు ఒక్కటే, బావ పనిచేసేది.

మంగళవారం భోజనాల వేళకు వెళ్ళాను. బావ తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏటి బామ్మర్దీ, దారి తప్పినావా?"

"ఆ తీగలు ఓసారి సూత్తాను."

"పాత చీటీలా? ఏటి సేసుకుంటావు, ఊరగాయ పెడతావా?" అని నవ్వి, మేకుల మీది తీగలు తనే దించి నా చేతుల్లో పెట్టాడు. దుమ్ము, తుప్పు. అడుగు చీటీలు పసుపుపచ్చగా అయిపోయి, గుచ్చిన చోట ఎర్రగా మరక పట్టి ఉన్నాయి. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని కింద రోడ్డు కాటా చీటీలు ఏరడం మొదలుపెట్టాను. ఫలితాలకు ముందు రెండు, తర్వాత రెండు. అయిదేళ్ళ కిందటి తీగలోనూ అలాగే. నా పుస్తకంలో అంకెలు పడిపోయిన నెలల తీగల్లోంచి కూడా రెండేసి. ఒక నంబరులోంచి ఇంకోటి తీసేసి, రోజులతో భాగించాను. చీటీ వెనకే రాశాను.

మా దగ్గర ఎన్ని పెరిగాయో అక్కడ దాదాపు అన్నే తగ్గాయి. అయిదేళ్ళ కిందట మా దగ్గర తగ్గినన్ని అక్కడ పెరిగాయి. రెండూ కలిపితే అటూ ఇటూ నాలుగైదు తేడా, అంతే. మొత్తం కదిలిన నెలలు వేరే ఉన్నాయి. తుఫాను నెల, లాక్‌డౌన్ నెలలు, స్టీల్ ప్లాంట్‌లో పని మందగించిందని ఆటోనగర్ అంతా దిగాలుగా ఉన్న నెలలు. అప్పుడు రెండు కాటాలూ కలిసే పడ్డాయి. మేం ఎవరికి ఓటు వేశామో ఆ నెలలకు పట్టలేదు.

బావ టీ గ్లాసు అందించాడు. నేను ఏం చేస్తున్నానో అడగలేదు. నా చేతిలో పెన్ను, చీటీలు చూసి అది తన మంచికే అనుకున్నాడు. షెడ్డు గేటు మీద బోర్డు ఎంత పొడవు పెట్టించాలో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు గుమ్మంలో పెద్ద మిషను, లోపల చిన్నది, కుర్రవాళ్ళిద్దరు ఇప్పటికే వస్తామన్నారు. చెప్తున్నంతసేపూ గాల్లో చేత్తో గీతలు గీస్తున్నాడు.  టీ తాగి, తీగలు మేకులకు తగిలించి వచ్చేశాను.

బుధవారం ఒక లారీ బరువు ఇంకో లారీ చీటీ మీద కొట్టాను. ఆ డ్రైవరు అరగంట తర్వాత తిరిగొచ్చి నన్ను నానా మాటలూ అన్నాడు. అంతకు ముందెప్పుడూ నా చేత అలాంటి తప్పు జరగలేదు. ఇంకా ఆగితే ఏం జరుగుతుందో అని భయం వేసి, గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఆనందపురం వెళ్ళాను. బావ ఆ రోజు పనికి పోలేదు. మర్నాటి సర్వేకు గట్ల మీద గడ్డి కొట్టిస్తున్నాడు. అప్ప అరుగు మీద కూర్చుని మర్నాటికి బుట్టలు దులుపుతోంది.

బావను అరుగు దగ్గరికి పిలిచి, నిలబడే చెప్పేశాను. డ్రైవరు అన్నది, చీటీ నంబర్లు, రెండు కాటాల మొత్తం. బావ మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమయింది. అతని మెడ ఎర్రబడింది.

"అంటే ఏటంటావు? నీ లెక్క తప్పంటావు."

"తప్పు కాదు బావా. అంకెలు సరైనవే. నాను వాటికి సెప్పిన అర్థం తప్పు."

"అర్థం గిర్థం నాకొద్దు. నిన్న దాకా పని పెరుగుతాదన్నావు. ఈయేల పెరగదంటన్నావు."

"పెరగదనీ అనడం లేదు. తెలీదంటన్నాను. రెండు కాటాలే సూసినాను. ఇంకా ఉన్నాయి."

"తెలీదా!" అన్నాడు అప్ప వైపు తిరిగి. "ఇన్నావా? పద్నాలుగేళ్ళు రాసి రాసి, తెలీదంట!"

నేను తల వంచుకున్నాను.  ఆ తర్వాత బావ అన్న మాట నేను ఊహించలేదు. గొంతు తగ్గించి, బేరం ఆడుతున్నట్టు అన్నాడు.

"సరే. ఊరికి పని పెరగలేదు, అటు లారీలు ఇటొచ్చినాయి. అంతేకదా నువ్వనేది? మరి నాకు కావాల్సిందీ అదే కదేటి. ఊరికి పెరిగితే నాకెంత, పెరక్కపోతే నాకెంత? అటెల్లే పని నా షెడ్డుకొస్తే సాలదా? నాను కూడా గెలిసినోళ్ళ మనిషినే కదా."

 అది నిజం. ఊరు మొత్తానికి తేడా లేకపోయినా ఒక్కొక్క షెడ్డుకు ఉంటుంది. నేను ఊరి లెక్క చూశాను, బావ తన లెక్క చూస్తున్నాడు. రెండూ వేరు. ఎలక్షన్ల ముందు ఆటోనగర్‌లో మనుషులు ఎందుకంత పూనకంతో తిరుగుతారో నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

అప్ప బుట్ట కింద పెట్టింది. "మరి ఓడిపోతే?"

"ఏటి?"

"అయిదేళ్ళకి ఓడిపోతే ఏటని అడగతన్నాను. లారీలు అటెల్లిపోతాయి కదా. ఆడు సెప్పినాడు కదా, ఎల్లిపోయినాయని. అప్పుడు నీ షెడ్డేటవుతాది?"

"అప్పటికి నిలదొక్కుకుంటాను."

"మిషన్లు నిలబడతాయిలే. నా నేల ఉంటాదా?"

బావ చేతిలోని కొడవలి అరుగు మీద పడేసి, గడ్డి కొట్టే మనుషుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. "ఒరే తమ్మీ, ఆరోజు అన్నం దగ్గర సెప్పినప్పుడు కూడా ఇంతే నమ్మకంగా సెప్పినావు. ఇప్పుడూ అలగే సెప్తన్నావు. ఏదని నమ్మాల?"

"దీన్నే నమ్మప్పా."

"మళ్ళీ ఇంకో డ్రైవరొచ్చి ఇంకోటి సెప్తే?"

నేను అరుగు మీద కూర్చుని ఆమె పక్కనున్న బుట్ట ఒకటి తీసి దులపడం మొదలుపెట్టాను.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. శుక్రవారం ఎనిమిది గంటలకు సర్వేయరు టేపు పట్టుకుని వచ్చాడు. కొనేవాళ్ళ మనిషి ఒకడు కూడా వచ్చాడు. బావ ఒక చివర పట్టుకుని గట్టు మూల నిలబడ్డాడు. అప్ప చామంతి సాళ్ళ మధ్య కలుపు తీస్తూ వంగి ఉంది. పేరు ఆమెది కాబట్టి హద్దులు ఆమె చూపించాలని సర్వేయరు పిలిచాడు. ఆమె నడుం నిటారుగా చేసి, చేతుల మట్టి దులుపుకుంది.

"ఈయేల కొలవద్దు బాబూ."

"ఏటమ్మా, రమ్మని పిలిసినారు కదా?"

"పిలిసినాం. అమ్మడం లేదు. టీ తాగెల్లండి."

కొనేవాళ్ళ మనిషి బావ వైపు చూశాడు. బావ అప్ప వైపు చూడలేదు, నా వైపు చూశాడు. టేపు చివర వదిలేశాడు, అది సర్రుమని డబ్బాలోకి వెళ్ళిపోయింది. బైకు తీసుకుని ఆటోనగర్‌కు పోయాడు. నేను వెనకాలే బస్సులో వచ్చాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. మొదటిసారి నేను నోరు మూసుకుని అన్నం తిని ఉంటే ఈ మనిషి ఆశ పడేవాడే కాదు. రెండోసారి నోరు మూసుకుని ఉంటే ఆశ పోయేది కాదు.

నాలుగు నెలలు బావ నాతో మాట్లాడలేదు. ఆ షెడ్డు వేరే వీధి వాళ్ళెవరో తీసుకున్నారు. బోర్డు పెట్టారు, బావ చెప్పిన దానికన్నా పొడవైనదే. కాటాకు వెళ్ళేటప్పుడు నేను ఆ వీధిలోంచే వెళ్ళడం మొదలుపెట్టాను. అవసరం లేదు, చుట్టు దారి కూడా. గేటు ముందు ఎన్ని లారీలు ఆగి ఉన్నాయో చూసేవాణ్ణి. ఒకటి, రెండు, ఒక్కోసారి మూడు. వాళ్ళకు పని ఉంది, బాగానే ఉంది. లోపలి నుంచి రెండు లేత్‌లూ ఒకేసారి తిరుగుతున్న చప్పుడు వినబడేది. ఆ లారీలను పుస్తకంలో రాయలేదు. రాస్తే దాన్నుంచి మళ్ళీ ఏదో అర్థం తీస్తానని భయం.

బావ షెడ్డుకు ఆ వీధి పక్కదే. ఆ చప్పుడు అతనికీ వినబడుతుంది, రోజంతా.

మొన్న ఒక సాయంత్రం బావ కాటా గదికి వచ్చాడు. వాళ్ళ షెడ్డు తుక్కు లారీ తూకానికి వస్తే, దాంతో పాటు కేబిన్లో కూర్చుని వచ్చాడు. లోపలికి రాకుండా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. ఏం అడుగుతాడో నాకు తెలుసు. 

"ఒక మాట సెప్పు బామ్మర్దీ. అబద్దం ఆడకు. ఆ షెడ్డు నాను తీసుకునుంటే బాగుండీదా?"

లేదని చెప్తే ఊరట పడతాడు. ఆ వీధిలో లారీలు చూసినవాణ్ణి లేదని ఎలా చెప్పను?

"ఈయేలకి బాగుండీది."

"అంటే రేపటికి?"

"తెలీదు."

"అయిదేళ్ళకి?"

"తెలీదు బావా."

చువ్వలు వదిలేసి రోడ్డు వైపు చూశాడు. ఇంకో లారీ పలక మీదికి ఎక్కుతోంది. ముందు చక్రాలు ఎక్కాయి, పెట్టె మీద అంకెలు ఊగుతున్నాయి. బావ నోటి పక్కన చిన్న నవ్వు లాంటిది వచ్చింది, అది కోపమో నవ్వో నాకు తేలలేదు.

"నీకన్నా ఆ టీ కొట్టోడు నయం. ఆణ్ణడిగితే అన్నీ తెలుసంటాడు."

"ఆణ్ణడుగు."

"అడిగినాను. తీసుకోవాల్సింది అన్నాడు." మళ్ళీ చువ్వలు పట్టుకున్నాడు. "మీ అప్ప పై ఆదివారం రమ్మంది నిన్ను. కొత్త పంటకి నారు పెట్టినాం. మనిషి తక్కువైనాడు."

వస్తానన్నాను. వాళ్ళ తుక్కు లారీ చీటీ కొట్టి చేతికిచ్చాను. అతను అంకె చూసి, నా మొహం చూసి, మళ్ళీ అంకె చూశాడు. సరిగ్గా కొట్టానా లేదా అని నేను కూడా కిటికీ లోంచి వంగి ఇంకోసారి చూసుకున్నాను.